క్రికెట్ ఆటగాని ఫామ్: ఒక పరిశీలన

క్రికెట్ చూసే ప్రతివాడూ ఒక సెలెక్టరే. కాంటీన్లో టీ గ్లాసు చేతబట్టుకొని నిలబడిన విద్యార్థి మొదలుకొని, ముదిగుబ్బ బస్టాండులో కదిరి బస్సు కోసం కాచుకొని ఉన్న పెద్దమనిషి దాకా ఎవరిని కదిలించినా ఒకటే తీర్పు: "వాడు ఫామ్‌లో లేడప్పా, తీసేయాల." ఆధారమేమని అడిగితే, "మూడు మ్యాచుల్నించి చూస్తాండాం గదా!" అంటారు. ఒక ఆటగాడి మీద తీర్పు చెప్పడానికి మూడు మ్యాచులు చాలునా అన్నదే ఈ వ్యాసంలో నేను ఎత్తుకొన్న ప్రశ్న. వినోదానికి అడిగే ప్రశ్న కాదిది. టీవీలో కనిపించే ఆటగాడిని తీసేస్తే అతనికి మళ్ళీ పిలుపు రావచ్చు. పల్లెనుంచి వచ్చి కాలేజీ సెలెక్షన్‌లో నిలబడ్డ కుర్రవాడికి ఆ రెండు మూడు అవకాశాలే మొదలూ చివరా.

ఈ ప్రశ్నను తేలికగా పట్టుకోవడానికి ఈ కాలపు విద్యార్థులకు ఒక సాధనం ఉంది. అవి కంప్యూటర్లోనూ, సెల్‌ఫోన్లోనూ ఆడే క్రికెట్ మేనేజర్ ఆటలు. వీటిలో మనం బ్యాటు పట్టం. జట్టును ఎంచుతాం, బ్యాటింగ్ వరుస వేస్తాం, ఎవరికి ఎన్ని ఓవర్లో, ఎవరికి విశ్రాంతో నిర్ణయిస్తాం. ఆ తరువాత బంతి బంతికీ కంప్యూటరే పాచిక వేస్తుంది. 1998లో ఇంగ్లండులో వచ్చిన ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్ ఈ కోవలో పేరుపొందిన ఆట. మన హైదరాబాదు కంపెనీ తయారుచేసిన హిట్‌వికెట్ సూపర్‌స్టార్స్ 2020లో కేంద్ర ప్రభుత్వం నిర్వహించిన ఆత్మనిర్భర్ భారత్ యాప్ పోటీలో ఆటల విభాగంలో మొదటి స్థానం పొందింది. అంటే ఈ విద్య ఎక్కడో సీమలో పుట్టి అక్కడే ఆగిపోయింది కాదు.

ఇలాంటి ఆటల్లో సాధారణంగా ఒక్కొక్క ఆటగాడికి మూడు రకాల అంకెలుంటాయి. మొదటిది నైపుణ్యం. ఇది సంవత్సరాల మీద మెల్లగా పెరుగుతుంది, వయసు మీదపడితే మెల్లగా తరుగుతుంది. రెండవది ఫామ్. ఇది వారం వారానికీ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మూడవది అలసట. ఫామ్ బాగున్నవాడికి పాచిక కాస్త అనుకూలంగా పడేటట్టు లెక్క రాసి ఉంటుంది. ఫామ్‌ను కట్టే పద్ధతి కూడా కష్టమైనదేమీ కాదు. పాత ఫామ్‌లోనుంచి పదికి తొమ్మిది పాళ్ళు, ఈనాటి ఆటలోనుంచి ఒక పాలు తీసుకొని కలిపితే కొత్త ఫామ్ వచ్చిందనుకోండి. ఈ లెక్కన ఒక ఇన్నింగ్స్ ప్రభావం ఆరేడు ఇన్నింగ్స్ గడిచేసరికి సగానికి వస్తుంది. తొమ్మిది పాళ్ళకు బదులు ఎనిమిది పెడితే మూడు ఇన్నింగ్స్‌కే సగమైపోతుంది. 1987లో ఇంగ్లండు మాజీ కెప్టెన్ టెడ్ డెక్స్టర్ ఆలోచనతో మొదలై, తరువాత ఐసీసీ ర్యాంకింగులుగా మారిన పట్టిక కూడా కొత్త ఆటకు ఎక్కువ, పాత ఆటకు తక్కువ విలువ ఇచ్చే ఇలాంటి సగటే.

మేనేజర్ ఆటకూ మైదానానికీ ఉన్న అసలు తేడా ఇక్కడ గమనించాలి. ఆటలో ఫామ్ ఎంతో కంప్యూటరుకు తెలుసు, ఎందుకంటే రాసింది అదే. చిత్రగుప్తుడి చిట్టాలాగా అది లోపల భద్రంగా ఉంటుంది. మనకు తెర మీద ఒక గీతగానో, ఒక మాటగానో చూపిస్తుంది. మైదానంలో ఆ చిట్టా ఎవరి దగ్గరా లేదు. అక్కడ కనిపించేది స్కోరు మాత్రమే. స్కోరును చూసి ఫామ్‌ను ఊహిస్తున్నాం. ఊహించిన దాన్ని చూసినదానిగా చెప్పుకొంటున్నాం.

పుస్తక క్రికెట్ నేర్పే లెక్క

స్కోరు ఎంత చంచలమైనదో తెలుసుకోవాలంటే కంప్యూటరు కూడా అక్కరలేదు. వెనుక బెంచీల్లో తరతరాలుగా సాగిన పుస్తక క్రికెట్ చాలు. తెలియనివారు ఉంటారా అని సందేహమే గాని, ఉంటే వారి కోసం చెబుతున్నాను. లావుపాటి పుస్తకాన్ని ఎక్కడో ఒకచోట తెరిచి ఎడమచేతి పేజీ నంబరు చూడాలి. అది ఎప్పుడూ సరిసంఖ్యే. చివరి అంకె 2, 4, 6 అయితే అన్ని పరుగులు. 8 వస్తే ఊరికొక రూలు ఉంది. మనం ఒక పరుగు అనుకొందాం. 0 వస్తే అవుట్.

ఈ ఆటలో పుస్తకం తెరిచిన ప్రతిసారీ అవుటయ్యే అవకాశం 5లో 1. అవుటయ్యేలోపు సగటున 4 సార్లు పరుగులు వస్తాయి. ఒక్కొక్కసారికి సగటు 3.25 గనుక, మన పుస్తక బ్యాట్స్‌మన్ సగటు 13 పరుగులు. ఇప్పుడు అతను ఆ సగటులో సగం కూడా చేయకుండా, అంటే 6కో అంతకు లోపలో అవుటయ్యే అవకాశం ఎంత? లెక్కవేస్తే నూటికి 45 దాకా వస్తుంది. వరుసగా మూడు ఇన్నింగ్స్ అలా పోయే అవకాశం నూటికి 9. ఇది తక్కువగానే కనిపిస్తుంది. కాని ఒక సీజనంతా 30 ఇన్నింగ్స్ ఆడించి, వాటిలో ఎక్కడో ఒకచోట వరుసగా మూడు వైఫల్యాలు వస్తాయా అని చూస్తే, వచ్చే అవకాశం నూటికి 80 దాటుతుంది.

పుస్తకానికి ఫామ్ ఉండదు. దానికి నిద్ర చాలకపోవడం లేదు, ఇంట్లో గొడవ లేదు, కోచ్ మీద అలక లేదు. అయినా ఆ మూడు ఇన్నింగ్స్ చూసినవాడు "పుస్తకం ఫామ్‌లో లేదు, ఫిజిక్సు తీసేసి కెమిస్ట్రీ పెడదాం" అంటే మనం నవ్వుతాం. అదే మాట మనిషిని గురించి అంటే తలలూపుతాం.

"మనుషులు పుస్తకాలు కారు గదా సార్" అని అడగవచ్చు. నిజమే. అయితే మనుషుల స్కోర్లు కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తాయని చాలా కాలం కిందటే తేల్చారు. 1945లో ఎల్డర్టన్, వుడ్ అనే ఇద్దరు వేర్వేరుగా ఇంగ్లండు రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో క్రికెట్ స్కోర్లను పరిశీలించారు. స్కోర్లు రమారమి గుణశ్రేఢిని అనుసరిస్తాయని, అంటే ఎన్ని పరుగుల మీద ఉన్నా తరువాతి పరుగుకు ముందే అవుటయ్యే అవకాశం దాదాపు ఒకటేనని వుడ్ చూపించాడు. 1993లో కింబర్, హాన్స్‌ఫర్డ్ దీనికి సవరణ చెప్పారు. క్రీజులో కళ్ళు కుదురుకొనేలోపు, అంటే మొదటి కొన్ని పరుగుల వద్ద, అవుటయ్యే అవకాశం ఇంకా ఎక్కువ. మన వాదానికి ఇది బలమే గాని అడ్డు కాదు.

ఈ శ్రేఢి లెక్కన సగటు 40 ఉన్న మంచి బ్యాట్స్‌మన్‌ను తీసుకోండి. అతడు 20 చేరకుండా అవుటయ్యే ఇన్నింగ్స్ నూటికి 39. సెంచరీ కొట్టేవి నూటికి 8. సీజన్‌లో 30 ఇన్నింగ్స్ ఆడితే, ఎక్కడో ఒకచోట వరుసగా మూడుసార్లు 20 లోపే పోయే అవకాశం నూటికి 70. ఆ 30 ఇన్నింగ్స్‌లో అతని నైపుణ్యం గాని, ఫామ్ గాని వెంట్రుకవాసి కూడా మారలేదని అనుకొనే ఈ లెక్క కట్టాం.

దీన్నిబట్టి ఫామ్ అనేది అసలు లేదని చెప్పబోవడం లేదు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వెర్స్‌కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు బాస్కెట్‌బాల్ పరిశీలించి, 'చేయి వేడెక్కడం' మన భ్రమేనన్నారు. చాలాకాలం అదే సిద్ధాంతమైంది. 2018లో మిల్లర్, సంజుర్జో అనే ఇద్దరు ఆ లెక్కింపులోనే ఒక సూక్ష్మమైన లోపముందని నిరూపించారు. కాబట్టి ఫామ్ ఉంది. మనకు కనిపించేటంతగా లేదు. బాధ ఏమిటంటే, అది స్కోర్ల గోల మధ్య వినపడనంత మెల్లగా మాట్లాడుతుంది.

అనంతపురంలో జరిగినదే చూడండి

విన్సెంట్ ఫెర్రర్ 1969లో నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి మైదానంలో, అనంతపురంలో, 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగాయి. దేశంలోని పేరున్న ఆటగాళ్ళు మన ఎండలో మన కళ్ళముందు ఆడారు. ఇండియా 'డి' జట్టుకు శ్రేయస్ అయ్యర్ కెప్టెన్. మూడు మ్యాచులూ ఇక్కడే. మొదటి మ్యాచులో అతని స్కోర్లు 9, 54. రెండవ దానిలో 0, 41. మూడవ దానిలో 0, 50.

ఇప్పుడు మీరే సెలెక్టర్లు. మొదటి ఇన్నింగ్స్‌లు మాత్రమే తీసుకొంటే 9, 0, 0, సగటు 3. ఇంతకన్న పోయిన ఫామ్ ఉంటుందా? రెండవ ఇన్నింగ్స్‌లు తీసుకొంటే 54, 41, 50. సగటు 48 పైన. ఇంతకన్న నిలకడ ఉంటుందా? ఒకే మనిషి, ఒకే నెల, ఒకే మైదానం. ఆ రోజుల్లో పత్రికలు మొదటి లెక్కనే ఎక్కువగా పట్టుకొన్నాయి, ఎందుకంటే సున్నాకు ఉన్న చప్పుడు నలభై ఒకటికి లేదు. తరువాత జరిగింది చెబుతాను. అక్టోబరులో రంజీ ట్రోఫీలో మహారాష్ట్ర మీద 142. నవంబరులో ఒడిశా మీద 233. 2025 ఛాంపియన్స్ ట్రోఫీలో 243 పరుగులతో భారత జట్టులో అందరికన్న ఎక్కువ చేసింది ఆయనే.

అదే జట్టులో సంజు శాంసన్ ఉన్నాడు. అతనిది ఇంకా వింత. అనంతపురంలో 5, 40, 106, 45. అక్కడినుంచి బంగ్లాదేశ్‌తో టీ-20 మ్యాచుల్లో 29, 10, ఆ తరువాత అక్టోబరు 12న హైదరాబాదులో 111. నవంబరులో దక్షిణాఫ్రికాలో 107, 0, 0, 109 నాటౌట్. రెండు సెంచరీల తరువాత రెండు సున్నాలు. రెండు సున్నాల తరువాత మళ్ళీ సెంచరీ. ఫామ్ గీత గీసి చూపమంటే ఎక్కడ ఎక్కించాలి, ఎక్కడ దించాలి? రెండో సున్నా తరువాత తీసేసి ఉంటే ఆ 109 ఇంకొకరి ఖాతాలో పడేదీ కాదు, రికార్డులో ఉండేదీ కాదు. తీసేసింది తప్పని ఎవరికీ తెలిసేది కూడా కాదు. సెలెక్టరు పనిలో నన్ను అన్నిటికన్న కలవరపెట్టేది ఇదే. తీసేసినవాడు ఆడి ఉంటే ఏం చేసేవాడో ఏ స్కోరు పుస్తకమూ చెప్పదు.

దీనికి తోడు ఇంకొక మోసముంది. జ్వరం బాగా ముదిరినప్పుడే తాయెత్తు కట్టిస్తాం. ముదిరిన జ్వరం ఎలాగూ తగ్గుముఖం పడుతుంది. పేరు తాయెత్తుకు వస్తుంది. ఆటగాడి స్కోర్లు అడుగంటినప్పుడే అతన్ని కూర్చోబెడతాం. మూడు మ్యాచుల తరువాత తిరిగి తీసుకొంటే అతను తన సగటు దగ్గరికి వస్తాడు, ఎందుకంటే సగటు అంటేనే అది. "చూసినావా, కూర్చోబెట్టినాక బుద్ధొచ్చింది" అంటాడు కెప్టెన్. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తూ పిల్లల ఎత్తూ కొలిచి ఇదే గుణాన్ని గుర్తించాడు. స్టాటిస్టిక్స్ విద్యార్థులు దాన్ని ప్రతిగమనం పేరుతో పరీక్షలో రాస్తారు, సాయంత్రం గ్రౌండులో మరిచిపోతారు.

ఫామ్ పేరుతో దాగే వేరే జబ్బులు

ఫామ్ పోయిందనుకొన్నచోట నిజానికి స్థానం తప్పు కావచ్చు. దీనికి మన వి.వి.ఎస్. లక్ష్మణ్ కన్న మంచి నిదర్శనం లేదు. 1996 నవంబరులో అహమ్మదాబాదులో తొలి టెస్టు ఆడిన లక్ష్మణ్, ఆ తరువాత చాలా మ్యాచుల్లో ఓపెనర్‌గా దిగవలసి వచ్చింది. మధ్య వరుస ఆటగాడు అతను. 2000 జనవరిలో సిడ్నీలో ఓపెనర్‌గానే 167 కొట్టినా, అది వారానికో పండగ అయింది గాని నిలకడ కాలేదు. ఇక ఓపెనింగ్ చేయనని ఆ ఏడే తెగేసి చెప్పాడు. 1999-2000 రంజీ సీజనులో హైదరాబాదు తరఫున తనకు నచ్చిన స్థానంలో అతను చేసినవి 1415 పరుగులు, 8 సెంచరీలు. అందులో బెంగుళూరులో కర్ణాటక మీద 353 ఒకటి. ఒకే సంవత్సరంలో ఒకే మనిషి జాతీయ జట్టులో ఫామ్ లేనివాడు, రంజీలో ఆపలేనివాడు.

2001 మార్చిలో కలకత్తా టెస్టు సంగతి అందరికీ తెలిసిందే. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరవ స్థానంలో 59 చేసిన లక్ష్మణ్‌ను ఫాలో ఆన్‌లో మూడవ స్థానానికి పంపారు. 281 వచ్చింది, ద్రావిడ్‌తో 376 పరుగుల భాగస్వామ్యం వచ్చింది, భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. ఆ రోజు మేనేజరు చేసిన పని 'ఫామ్‌లో ఉన్నవాడికి ఎక్కువ బంతులు ఇవ్వడం' అని చెప్పుకోవడం సులువు. నాకు మాత్రం అందులో ఫామ్ కన్న స్థానమే ఎక్కువ కనిపిస్తుంది.

అయితే లక్ష్మణ్ కథలోనే దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. 2011 నవంబరులో కలకత్తాలోనే వెస్టిండీస్ మీద 176 నాటౌట్ కొట్టినవాడు, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో 8 ఇన్నింగ్స్‌లో కలిపి 155 పరుగులే చేశాడు. అప్పటికి వయసు 37. 2012 ఆగస్టులో రిటైరయ్యాడు. అంటే చెడ్డ వరుస ఒక్కోసారి నిజంగానే చెడ్డ వార్త. కాని అక్కడ మనకు 8 ఇన్నింగ్స్ ఉన్నాయి, వయసు ఉంది. ఇరవై ఏళ్ళ కుర్రవాడి మూడు ఇన్నింగ్స్‌ను ఆ తక్కెడలో వేయకూడదు.

మరి ఎన్ని ఇన్నింగ్స్‌కు ఎంత విలువ?

ఇక్కడ కొంచెం లెక్క తప్పదు. ఒక బ్యాట్స్‌మన్ పాత సగటు ఒక చేత, ఇటీవలి స్కోర్లు ఒక చేత పట్టుకొని, రెండింటినీ కలపాలి. ఎంతెంత కలపాలన్నది రెండు ఊగిసలాటల మీద ఆధారపడుతుంది. ఒక ఇన్నింగ్స్‌కూ ఇంకొక ఇన్నింగ్స్‌కూ స్కోరు ఎంత ఊగుతుంది? నిజమైన ఫామ్ ఎంత ఊగుతుంది? మొదటిదాన్ని రెండవదానితో భాగించి, వర్గం చేస్తే ఒక అంకె వస్తుంది. పాత సగటు అన్ని ఇన్నింగ్స్‌తో సమానమని అర్థం.

గుణశ్రేఢిలో ప్రామాణిక విచలనం సగటుకు దాదాపు సమానం. కాబట్టి సగటు 40 అయితే స్కోరు ఊగిసలాట కూడా 40. నిజమైన ఫామ్ ఊగిసలాట 8 అనుకొంటాను. అంటే మామూలు రోజుల్లో అతను 32కూ 48కీ మధ్య ఆటగాడు. 40ని 8తో భాగిస్తే 5, వర్గం 25. అతని పాత సగటు 25 ఇన్నింగ్స్‌లంత బరువైనది. ఇప్పుడు అతను 5, 8, 2 చేశాడనుకోండి. ఈ మూడింటికీ 28లో 3 పాళ్ళు, అంటే తొమ్మిదో వంతు గొంతు. తరువాతి ఇన్నింగ్స్‌కు మన అంచనా 40 నుంచి 36కు దిగుతుంది. అంతే! 8 అన్నది నా అంచనా. కాదు 12 అనేవారు వేసి చూడండి, 33 దగ్గర తేలుతుంది. ఎలా వేసినా 5 రాదు. అతని స్థానంలో తేదలచిన రిజర్వు ఆటగాడి సగటు 25 అయితే, ఈ మార్పు వల్ల జట్టు నష్టపోయినట్టే.

ఇలా సగటు వైపు లాగి చెప్పే అంచనా ఎంత పనిచేస్తుందో 1975లో ఎఫ్రాన్, మోరిస్ అనే ఇద్దరు అమెరికన్ గణాంకవేత్తలు చూపించారు. 1970 బేస్‌బాల్ సీజనులో 18 మంది ఆటగాళ్ళ మొదటి 45 ప్రయత్నాలు తీసుకొని, మిగిలిన సీజనులో ఎలా ఆడతారో ఊహించారు. కనిపించిన అంకెనే నమ్మిన అంచనాలకన్న, అందరి సగటు వైపు లాగిన అంచనాల్లో వర్గదోషం మొత్తం మూడో వంతు కన్న తక్కువ. రాబర్టో క్లెమెంటే వంటి మహా ఆటగాణ్ణి మాత్రం ఈ పద్ధతి మరీ కిందికి లాగేసింది. అతని వెనుక ఉన్న ఏళ్ళ చరిత్రను లెక్కలోకి తీసుకోలేదు మరి. కాబట్టి ఎవరి పాత సగటు వైపు వారిని లాగాలి, చరిత్ర లేనివాణ్ణి మాత్రమే జట్టు సగటు వైపు.

ఆ చరిత్ర లేనివాడే మనకు ముఖ్యం. ముదిగుబ్బ నుంచి ఒక కుర్రవాడు కాలేజీ జట్టులోకి వచ్చాడనుకోండి. శెనక్కాయ పెరికిన చేనిలో, ఎర్రమట్టి మీద, టెన్నిస్ బంతితో ఆట నేర్చినవాడు. అసలు బంతి, మ్యాటింగ్ పిచ్ కొత్త. జట్టు సగటు 20. ఆటగాడికీ ఆటగాడికీ నైపుణ్యంలో తేడా 8 దాకా ఉంటుందనుకొంటే, 20ని 8తో భాగించి వర్గం చేస్తే 6. అంటే తెలిసిన ఆటగాడి మూడు ఇన్నింగ్స్‌కు తొమ్మిదో వంతు గొంతుంటే, ఈ కొత్తవాడి మూడు ఇన్నింగ్స్‌కు మూడో వంతు ఉంటుంది. అతను 0, 12, 3 చేశాడు. సగటు 5. మన అంచనా 20 నుంచి 15కు దిగుతుంది.

"15 అంటే జట్టు సగటుకు తక్కువే గదా, తీసేస్తే తప్పేంది?" అనవచ్చు. ఇంకొక మెట్టు పోవాలి. 15 అన్నది అంచనా మధ్యబిందువు. దాని చుట్టూ ఇంకా ఆరున్నర పరుగుల అనుమానం మిగిలి ఉంది. ఆ లెక్కన 0, 12, 3 చేసిన ఇలాంటి కుర్రవాళ్ళు ఐదుగురుంటే, వారిలో ఒకడు నిజానికి జట్టు సగటుకన్న మేలైనవాడు. పాత ఆటగాడి విషయంలో మనకు తెలియవలసింది కొంచెమే. కొత్తవాడికి ఇచ్చే ప్రతి ఇన్నింగ్స్ మనకు కొత్త సంగతి చెబుతుంది. మంచివాడని తేలితే మూడేళ్ళు ఆడతాడు. అయినా మన అలవాటు దీనికి తలకిందులు. సీనియర్‌కు "క్లాసు ఆటగాడప్పా, వస్తాడులే" అని ఏడాది తాడు వదులుతాం. పల్లె కుర్రవాణ్ణి రెండో డకౌట్‌కే ట్వల్త్ మ్యాన్ చేసి నీళ్ళ బాటిళ్ళు మోయిస్తాం. సీనియర్‌కు ఓపిక పట్టడం లెక్క ప్రకారం సరే. ఆ ఓపికలో సగమైనా రెండవవాడికి ఎందుకు లేదన్నదే నా ఫిర్యాదు. సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక బస్సు పట్టుకొని చీకట్లో ఇల్లు చేరే కుర్రవాడు, ఆడించని జట్టు కోసం ఎన్ని వారాలు తిరుగుతాడు? ఒకనాడు రావడం మానేస్తాడు. "ఇంట్రెస్టు లేదు సార్ వానికి" అని రాసేస్తాం.

ఒక్క ఏడు వాన తప్పిందని చేను అమ్ముకోని రైతులు మనవాళ్ళు. కరువు చూసిన ఈ సీమవాళ్ళకు సగటు అంటే ఏమిటో, ఒక ఏడు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. గ్రౌండులోకి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతామో తెలియదు.

బౌలర్ల సంగతి వేరు

ఫాస్టు బౌలరు పదును తగ్గిందంటే ముందు చూడవలసింది అలసట. 2014లో క్రికెట్ ఫాస్టు బౌలర్ల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, ఒక వారంలో వేసిన బంతులు గత నాలుగు వారాల సగటుకు రెండింతలు మించినప్పుడు, తరువాతి వారంలో గాయాల ప్రమాదం సుమారు మూడింతలు కనిపించింది. ఆ నిష్పత్తి కట్టే పద్ధతి మీద తరువాత విమర్శలు వచ్చాయి గాని, ఒక్కసారిగా భారం పెంచరాదన్న సంగతి మీద పెద్ద తగాదా లేదు. మన కాలేజీల్లో జరిగేది అచ్చంగా అదే. పరీక్షల నెలంతా బంతి ముట్టడు. పరీక్షలైన మూడోనాడు ఇంటర్ కాలేజియేట్ పోటీలు. మూడు రోజుల్లో మూడు మ్యాచులు, ఉన్న ఒక్క ఫాస్టు బౌలరు చేతనే అన్ని ఓవర్లూ. మూడోరోజు బంతి లేవకపోతే ఫామ్ అనడం అన్యాయం. మేనేజర్ ఆటలో అయితే అలసట గీత ఎర్రబడి హెచ్చరిస్తుంది. ఇక్కడ పరీక్షల్లో కూడా రోజుకు నాలుగైదు ఓవర్లు నెట్‌లో వేయించడమే మందు.

కెప్టెన్ నోటుబుక్కు

స్కోరు నమ్మదగింది కాకపోతే దేన్ని నమ్మాలి? బంతిని. ఒక ఇన్నింగ్స్ ఒక్క అంకె ఇస్తుంది. అదే ఇన్నింగ్స్‌లో 40 బంతులుంటే 40 సాక్ష్యాలుంటాయి. బ్యాటు మధ్యలో తగిలిందా, అంచుకు తగిలిందా, తగలకుండా పోయిందా అన్నది బంతి బంతికీ గుర్తుపెడితే ఫామ్ చాలా ముందుగా బయటపడుతుంది. పెద్ద మ్యాచుల్లో ఈ లెక్క ఇప్పుడు మామూలైపోయింది. ఒకడు 22 బంతుల్లో 4 చేసి రనౌట్ అయ్యాడు, తప్పు షాట్లు రెండే. ఇంకొకడు 38 చేశాడు, తప్పు షాట్లు 11, వదిలేసిన క్యాచ్‌లు రెండు. స్కోరు పుస్తకం రెండవవాణ్ణి మెచ్చుకొంటుంది. నేను తరువాతి మ్యాచుకు మొదటివాణ్ణి ముందు రాస్తాను.

కాబట్టి జట్టుకు స్కోరు పుస్తకం కాక ఇంకొక నోటుబుక్కు ఉండాలి. ఆటగాడికి ఒక పేజీ. పరుగులు, బంతులు, అవుటైన తీరు, దిగిన స్థానం, పిచ్ మట్టిదా మ్యాటింగా, ఎదుటి బౌలింగు ఎలాంటిది, తప్పు షాట్లు ఎన్ని. ఆ వారం జ్వరమో, పరీక్షో, రాత్రంతా పొలానికి నీళ్ళు కట్టడమో ఉంటే అది కూడా ఒక ముక్క. సీజను మొదలు కాకముందే మొదటి పేజీలో ఎవరికి ఎన్ని ఇన్నింగ్స్ ఇవ్వదలిచామో రాసి, కెప్టెనూ ఫిజికల్ డైరెక్టరుగారూ సంతకం పెట్టాలి. కొత్తవాడికి ఆరు చొప్పున నేను సూచిస్తాను, ఎందుకంటే పై లెక్కలో ఆరు దగ్గరే అతని స్కోర్లు మన ఊహతో సమానమైన బరువుకు వస్తాయి. ఆరు ఉన్నాయని ఆ కుర్రవాడికి కూడా చెప్పాలి. రెండో డకౌట్ తరువాత నెట్స్‌కు అతను ఏ ముఖంతో వస్తాడన్నది దాని మీద ఉంటుంది. అమ్మాయిల జట్టుకూ ఇదే పద్ధతి. వారికి సీజనులో మ్యాచులు ఇంకా తక్కువ గనుక ప్రాక్టీసు మ్యాచులను కూడా ఇందులో ఎక్కించాలి.

ఖర్చు ఒక లాంగ్ నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు. స్కోరరు పక్కన కూర్చొని బంతి బంతికీ గుర్తు పెట్టడానికి మనిషి కావాలి. స్టాటిస్టిక్స్ విభాగంలోనుంచి ఇద్దరు విద్యార్థులు వంతులవారీగా వచ్చినా చాలు, రాబోయే ఇంటర్ కాలేజియేట్ పోటీలకు ముందు జరిగే ప్రాక్టీసు మ్యాచులతోనే మొదలుపెట్టవచ్చు.